దామెర్ల రామారావు: చిత్రకారుడు, ఆచార్యుడు

చిత్రకారుని జీవితమును రెండు విధముల కొలువవచ్చును. ఆయన చిత్రించిన పటములను లెక్కించుట ఒకటి. ఆయన చేతినుండి కుంచె నందుకొన్నవారిని లెక్కించుట మరియొకటి. మొదటి లెక్క చిత్రశాల గోడలపై కనబడును. రెండవది బడులలోని నల్లబల్లలపైనను, పిల్లల పలకలపైనను చెదరియుండును గనుక త్వరలో మరుగున పడును. ఈ రెండు లెక్కలలోను ఆంధ్రులు స్మరింపవలసినవారు దామెర్ల రామారావుగారు.

రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. చిన్ననాట బొమ్మలు గీయు బాలురు ప్రతి ఊరను కలరు. వారిలో పలువురి చేయి పెద్దయగుసరికి ఆగిపోవును. రామారావుగారి చేయి ఆగకుండుటకు కారణము ఒక గురువు. ఆ కాలమున రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగా నున్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు. ఆయన ఈ బాలుని యందలి శక్తిని గుర్తించి ప్రోత్సహించెను. అడివి బాపిరాజుగారు, కవికొండల వేంకటరావుగారు, వరదా వేంకటరత్నముగారు మొదలగువారును ఆ దొర శిష్యులే. కలెక్టరు కచేరికి గుమాస్తాలను తయారుచేయుటయే చదువని తలచు ఆ దినములలో, బొమ్మలు గీయుటయు ఒక విద్యయే యని ఒక కళాశాలాధ్యక్షుడు భావించుట సామాన్యవిషయము కాదు.

కూల్డ్రే ప్రోద్బలముననే రామారావుగారు 1916లో బొంబాయి జె. జె. కళాశాలలో చేరి, 1920 వరకు అభ్యసించిరి. అచ్చట పాశ్చాత్యపద్ధతి ననుసరించి శరీరనిర్మాణమును, వెలుగునీడలను, కొలతలను నేర్పుచుండిరి. అదే కాలమున వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరుగారి సంప్రదాయము వ్యాపించుచుండెను. కాగితమును మరల మరల నీటితో తడుపుచు, రంగును పలుచపరచి, మంచుతెరవంటి మెత్తదనమును సాధించుట ఆ సంప్రదాయమున కొక గుర్తు. మన ఆంధ్రదేశమునకును అది వచ్చినది. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీగారు దానిని బోధించిరి.

రామారావుగారు ఈ రెంటిలో దేనికిని దాసులు కాలేదు. బొంబాయిలో నేర్చిన రేఖాబలమును విడువలేదు. విషయమును మాత్రము భారతీయ పురాణములనుండియు, తెలుగునాటి జీవితమునుండియు గ్రహించిరి. ‘నందిపూజ’, ‘పుష్పాలంకారము’, ‘కార్తీక పౌర్ణమి’, ‘సిద్ధార్థ రాగోదయము’ మొదలగు చిత్రములలోని స్త్రీల నిలుకడ, కట్టుబొట్టు, నడక మన ఇండ్లలో చూచునట్టివే. గోదావరీతీరములు, తూర్పు కొండలు ఆయన కుంచెకు నిత్యవిషయములు. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఆయన ఋష్యశృంగుని చిత్రమునకు బహుమానము లభించెను. రాజమహేంద్రవరమునుండి కలకత్తాకు పోవు రైలుమార్గము మన నౌపడమీదుగనే సాగుచున్నది. ఆ దారిన పోయిన కీర్తి తెలుగువారి దని తలచునప్పుడు మనకు సంతోషము కలుగక మానదు.

ఇట్టి ప్రతిభకు బొంబాయిలోగాని, కలకత్తాలోగాని స్థానము దొరకకపోదు. అయినను ఆయన స్వస్థలమునకే మరలివచ్చి, ఆంధ్ర చిత్రకళాసమాజమును, చిత్రకళాశాలను నెలకొల్పి, ప్రదర్శనములు నడిపిరి. తాను గురువువలన పొందినదానిని తనవారికి పంచుటయే దీని యర్థము. ఆ విద్య ఇంటిలోనికిని ప్రవేశించెను. ఆయన భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రకర్త్రులైరి. స్త్రీలు కుంచె పట్టుట అరుదైన ఆ కాలమున ఇది గమనింపదగినది.

విధి వారికి ఎక్కువకాలము నీయలేదు. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికము వారిని బలిగొన్నది. అప్పటికి ఇరువది యెనిమిదేండ్లు నిండుటకు ఒక నెల కొరత. బొంబాయినుండి వచ్చిన పిమ్మట పనిచేసినది ఐదేండ్లకు మించదు.

గురువు మరణించినచో బడి మూతబడుట లోకమున తరచుగా జరుగును. ఇచ్చట అట్లు జరుగలేదు. మిత్రులైన వరదా వేంకటరత్నముగారు కళాశాలను నిలిపి, శిష్యులను తీర్చిదిద్దిరి. కుటుంబమువారును, మిత్రులును చిత్రములను చెదరనీయక కాపాడిరి. రాజమహేంద్రవరములోని దామెర్ల రామారావు చిత్రశాల ఆ శ్రద్ధాఫలము. ఐదేండ్ల కృషి తరతరములకు అందినదన్నచో, అందులో సగము పుణ్యము కాపాడినవారిదే.

ఈ కథ నౌపడ, టెక్కలి, పలాస, ఉద్దానపు గ్రామములవారికి ఏల వినిపింపవలెనని అడుగవచ్చును. మన జిల్లాయందును ఇట్టి సాక్ష్యము కలదు. ‘చందమామ’ ముఖచిత్రములతో తెలుగు ఇండ్లన్నిటికి పరిచితులైన వడ్డాది పాపయ్యగారు (1921–1992) శ్రీకాకుళమున జన్మించినవారు. వారి తండ్రి రామమూర్తిగారు డ్రాయింగు ఉపాధ్యాయులు. ఒక డ్రాయింగు మాష్టరుగారి చేతిచలువ ఎంతదూరము పోవునో దీనివలన తెలియును. ఉప్పుమడులపై పడు సాయంకాలపు వెలుగు, ఉద్దానపు కొబ్బరితోటల నీడలు, సంతలకు సాగు జనుల నడకలు గోదావరి సొగసుకు తీసిపోవు. వానిని చూడుమని పిల్లవానికి చెప్పు గురువే కావలెను.

మన ఇండ్లలో ఊరి డ్రాయింగు మాష్టరుగారు గీసి యిచ్చిన పటము ఒకటి ఉండవచ్చును. సముద్రపు తేమకు కాగితము బూజు పట్టును. ఎండకు నీటిరంగు వెలిసిపోవును. అట్టి పటమును ఎండ నేరుగా పడని, తేమ తగులని గోడకు, వెనుక కొంచెము గాలి యాడునట్లు తగిలించుట కష్టమైన పని కాదు. పటము వెనుక గీసినవారి పేరు, సంవత్సరము ఒక చీటీపై వ్రాసి యుంచినచో, మన మనుమలకు ఆ గురువు ఎవరో తెలియును.