కాలేయమున కబురు తుడిచివేయు విధము

రాత్రి రెండు ఇడ్డెనలు మాత్రమే తిని పరుండిన మధుమేహరోగికి తెల్లవాఱునప్పటికి రక్తములో చక్కెర హెచ్చియుండుట కలదు. "నేనేమియు తినలేదే, ఇది యెచ్చటినుండి వచ్చెను?" అని అమలాపురమునగాని, రాజోలునగాని వైద్యుని యెదుట ఆశ్చర్యపడు పెద్దలు పెక్కురు. ఆ చక్కెరలో అధికభాగమును విడిచినది వారి కాలేయమే.

దానిని దొంగ యనరాదు. ఏకాదశినాడు ఉపవసించిన ఆరోగ్యవంతుడు సొమ్మసిల్లకుండుట దాని చలువయే. అది భోజనవేళ చక్కెరను గ్లైకోజన్ అను పదార్థముగా కూర్చి దాచును; ఆకలివేళ దానిని కరగించి, మఱికొంత క్రొత్తగా చేసి, రక్తమున కిచ్చును.

ఇమ్మని చెప్పునది క్లోమమునుండి వచ్చు గ్లూకగాన్. తపాలావాడు వీధిగుమ్మముకడనే ఉత్తరమిచ్చి పోవునట్లు, అది కాలేయకణపు పొరయొద్దనే ఆగును. లోపల కబురందించుటకు చక్రీయ ఎ.ఎమ్.పి. అను చిన్న అణువు పుట్టును. అమెరికాలో ఎర్ల్ సదర్లాండ్ 1950 దశకమున కాలేయమును నూరి పరీక్షించుచుండగా, కాచినను చెడని పదార్థ మొకటి అందు పుట్టుచుండుట కనబడెను. అదియే యిది. ఆయనకు 1971లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ఈ అణువు పుట్టుటకు మూలము ఎ.టి.పి. అను శక్తిద్రవ్యము. దానిని 1929లో హార్వర్డులో ఫిస్కేతోగూడి వెల్లడించినవారు, మన వసిష్ఠకు ఆవలనున్న భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ కనుగొనెను. అయినను ఈ ముక్క మీకు చెప్పక ఉండజాలను.

కబురు పుట్టించుట సగము పని. తుడిచివేయుట తక్కిన సగము. ఈ పని ఫాస్ఫోడైఎస్టరేజులను ఎంజైములది. కొబ్బరిచెట్టెక్కువాడు కాళ్లకు తగిలించుకొను త్రాటివలయమును తలచుకొనుడు. ముడి విప్పినచో త్రాడంతయు చేతనే యుండును, చెట్టెక్కుటకు మాత్రము పనికిరాదు. చక్రీయ అణువులో ఫాస్ఫేటు రెండుచోట్ల కట్టుబడి వలయమైనది. ఎంజైము నీటి అణువు నొకదానిని చేర్చి ఒక కట్టును విప్పును. మిగులునది సామాన్యమగు ఎ.ఎమ్.పి.; దానికి ఆజ్ఞాపించు శక్తి లేదు. అట్లని వ్యర్థమునుగాదు, మరల ఎ.టి.పి.గా కట్టబడును. కాఫీలోని కెఫీను ఈ ఎంజైమును అడ్డగించునని పరీక్షనాళికలలో తేలినది. గిన్నెడు కాఫీవలన దేహమున నంత మోతాదు చేరదు. కాఫీ యిచ్చు హుషారునకు కారణము వేఱు.

భోజనానంతరము ఇన్సులిన్ వచ్చినపుడు ఈ ఎంజైములలో కొన్ని చుఱుకగును, కబురు తగ్గును. ఇన్సులిన్ చక్కెర నాపు మార్గములలో ఇది యొకటి మాత్రమే. ఇన్సులిన్ చాలకున్నను, కాలేయము దాని మాట వినకున్నను, రక్తము నిండియుండగనే చక్కెర పోయుట సాగుచుండును. తెల్లవాఱుజామున దేహమున హెచ్చు మఱికొన్ని రసములు దీనికి తోడగును. మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యముగా కాలేయముయొక్క ఈ యీవినే తగ్గించును.

కావున రాత్రి పస్తుండి ఉదయపు అంకెను దింపజూచుట తఱచు ఫలింపదు. ఇన్సులిన్ వేసికొనుచు పస్తుండినచో చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. ఆ అంకెను వ్రాసికొని వైద్యునికి చూపి, మందు మోతాదును, వేళను అడుగుడు.