కొన చూసి కొనండి

పిల్లలకు విల్లు కొనేటప్పుడు తల్లిదండ్రులు వేలకు వేలు లెక్కపెట్టి ఇస్తారు. ఎన్ని పౌండ్లది, లింబ్‌లు (విల్లు కొమ్ములు) ఏ కంపెనీవి, రైజర్ (మధ్య పిడి) ఏ రంగుది అని నలుగురినీ వాకబు చేస్తారు. బిల్లు చివర్లో స్ట్రింగర్, అంటే విల్లు వంచి నారి ఎక్కించడానికి వాడే తాడు, కనబడగానే మాత్రం "తాడుకు కూడా డబ్బులా మేడమ్?" అంటారు. విజయవాడలో విలువిద్య నేర్పే నాకు ఈ ప్రశ్న అలవాటైపోయింది. తాడే, కాదనను. కానీ మైదానంలో నా గుండె దడదడలాడేది పిల్లలు నారి ఎక్కించేటప్పుడే. బాణాలు వేసేచోట గీత ఉంటుంది, విజిల్ ఉంటుంది, భయం ఉంటుంది. నారి మాత్రం చెట్టుకింద కూర్చుని, కబుర్లాడుకుంటూ ఎక్కించేస్తారు.

కొనలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లుకు ప్రాక్టీసు మొదలయ్యే ముందు నారి ఎక్కించాలి, అయిపోగానే దించాలి. అంటే రోజూ ఉన్న పనే. స్ట్రింగర్ లేనివాళ్లు విల్లుకూ నారికీ మధ్యలోంచి కాలు దూర్చి, కింది కొనను రెండో కాలి చీలమండకు ముందు వైపు ఆనించి, తొడ మీదుగా వంచుతారు. ఇండియన్ రౌండ్ వెదురు విళ్లతో మొదలుపెట్టిన పిల్లలు చాలామందికి ఇదే అలవాటు. ఇలా చేస్తే బలం నిటారుగా పడదు, పక్కకు పడుతుంది. లింబ్ మెలి తిరుగుతుంది. రికర్వ్ కొన దగ్గర నారి ఒదిగి కూర్చునే సన్నని గాడి ఉంటుంది. మెలి తిరిగిన లింబ్‌లో నారి ఆ గాడి నడిమధ్య ఉండదు, ఓ అంచుకు ఒరిగి ఉంటుంది. ఇంకా ముదిరితే చేతిలో ఉండగానే నారి జారి విల్లు తిరగబడుతుంది. పిడి లాగుతూ పైకొమ్మును అరచేత్తో తోసే పద్ధతి ఇంకా ప్రమాదం. చెయ్యి జారిందా, కొన తిన్నగా ముఖానికే. జనకుడి సభలో రాముడు నారి ఎక్కించి లాగితే విల్లే నడిమికి విరిగింది. ఆయనకు చెల్లింది. ఇలా విరిగితే మన లింబ్‌లకు వారంటీ కూడా రాదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన జ్యోతి సురేఖ మా ఊరి అమ్మాయే కాబట్టి, "అక్క కూడా ఇదే వాడుతుందా?" అని పిల్లలు అడుగుతుంటారు. సురేఖది కాంపౌండ్ విల్లు, చివర్లలో క్యామ్‌లుంటాయి. దాని నారి మార్చడానికి బో ప్రెస్ అనే యంత్రం కావాలి. స్ట్రింగర్‌ను ఆ విల్లు దగ్గరికి కూడా తీసుకెళ్లకూడదు. ఆర్చర్ ధీరజ్ వేసే రికర్వ్, లేదంటే లాంగ్‌బో, వీటికే స్ట్రింగర్.

దుకాణంలో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటి దానికి రెండు చివర్లా పాకెట్లుంటాయి, తోలువో ప్లాస్టిక్‌వో. పెద్దది కింది కొనకు, ఎందుకంటే అక్కడ నారి లూప్‌ను కూడా కలుపుకుని పట్టాలి. చిన్నది పై కొనకు. రెండో రకానికి కింద పాకెట్, పైన రబ్బరు దిమ్మ. ఆ దిమ్మ లూప్‌కు పిడి వైపున, లింబ్ వీపు మీద కూర్చుంటుంది. పై కొన పూర్తిగా ఖాళీగా ఉంటుంది కాబట్టి లూప్‌ను గాడిలోకి జరపడం హాయి. అందుకే రికర్వ్ వాళ్లు దాన్ని ఇష్టపడతారు.

నా మొగ్గు మొదటి రకానికి. రబ్బరు దిమ్మను నిలబెట్టేది పట్టు ఒక్కటే. లింబ్ మీద వార్నిష్ నున్నగా ఉన్నా, చెమట చేతులతో తడిమినా, దుమ్ము పట్టినా అది పిడి వైపు జారుతుంది. అదీ ఎప్పుడు? లింబ్ సగం వంగి, లోపల బలమంతా బిగిసి ఉన్నప్పుడు. మీరు పైకి లాగుతూ ఉంటారు కాబట్టి విల్లు గడ్డం మీదికే ఎగురుతుంది. పాకెట్‌కు ఆ బెడద లేదు, కొనను మింగి పట్టుకుంటుంది. అయితే కొన మరీ పొట్టిగా ఉన్న విల్లుకు పాకెట్ నారి గాడిని కూడా కప్పేస్తే లూప్ సగమే కూర్చుంటుంది. అలాంటప్పుడు దిమ్మ రకమే గతి. దిమ్మ అడుగు వెడల్పు లింబ్ వెడల్పుకు సరిపోవాలి, తాడు బిగిసేదాకా దాన్ని ఓ చేత్తో అదిమి పట్టాలి. గుర్రం మీంచి వేసే విళ్లకు కొనలు బిరుసుగా, పొడుగ్గా ఉంటాయి. వాటికి తయారీదారు చెప్పిందే వాడండి.

కాబట్టి స్ట్రింగర్ కొనడానికి వెళ్తే విల్లు కూడా పట్టుకెళ్లండి. పాకెట్‌లో కొన పెట్టి అటూ ఇటూ తిప్పి చూడండి. వదులుగా గిరగిరా తిరిగితే వద్దు. కుట్టు ఎన్ని వరసలుందో, తాడు పాకెట్‌లోకి వెళ్లేచోట పోగులు లేచాయేమో వేలితో తడిమి చూడండి. ప్యాకెట్ మీద ఎన్ని పౌండ్ల వరకో రాసి ఉంటే మీ విల్లు అందులోపే ఉండాలి. తాడు సాగకూడదు, పొడవు సర్దుకునే వీలుండాలి. పొట్టిగా ఉంటే లాగుడు కిందికి పోకుండా రెండు కొనలనూ ఒకదాని వైపు ఒకటి గుంజుతుంది, దిమ్మ జారేది ఎక్కువగా అప్పుడే. మరీ పొడుగైతే విల్లు ఛాతీ దాకా లేస్తుంది, చేతుల్లో బలం చాలదు. పాదాల కింద తాడు బిగిసినప్పుడు విల్లు మోకాలికి కాస్త పైన ఉండేలా చూసుకుంటే మా పిల్లలకు సరిపోతోంది.

ఎక్కించేటప్పుడు రికర్వ్ వంపు సరిచూసుకోండి. విప్పిన విల్లు కొనలు ముందుకు, అంటే లక్ష్యం వైపు వంగి ఉండాలి. కొత్తవాళ్లు తిరగేసి ఎక్కించి లింబ్ పాడుచేసుకోవడం మామూలే. నారి ఉన్న వైపు నేలకు పెట్టి, రెండు పాదాలూ భుజాల వెడల్పున తాడు మీద వేసి, తల విల్లు మీదికి వంచకుండా పిడిని నిటారుగా పైకి లాగాలి. రెండో చేత్తో లూప్‌ను గాడిలోకి జరపాలి. అందరూ తొందరపడేది ఆ తర్వాతే. లూప్ ఎక్కింది కదా అని విల్లు దించేస్తారు. రెండు కొనల్లోనూ లూప్ రెండు పక్కలా గాడిలో దిగిందని కంటితో చూశాకే నెమ్మదిగా దించాలి. నారి పొట్టిదైతే ఏ స్ట్రింగరూ కాపాడదు. 68 అంగుళాలని రాసిన రికర్వ్‌కు అసలు నారి సుమారు 64 అంగుళాలుంటుంది. మరీ బలవంతం చేయాల్సి వస్తే ముందు కొలిచి చూడండి.

ఈ తాడు అరిగేది కొనల్లో కన్నా మధ్యలోనే, పాదాలు తొక్కేచోట. బూటు అడుగున ఇరుక్కున్న ఇసుక పోగులను కోసేస్తుంది. మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే రబ్బరు దిమ్మ గట్టిపడి మెరుపెక్కుతుంది, పట్టు పోతుంది; లింబ్‌ల జిగురుకూ ఆ వేడి మంచిది కాదు. మధ్యలో నూగు లేచిన తాడు కనబడితే ఆ రోజే మార్చేయండి. పాతదాన్ని కిట్ బ్యాగ్‌లో ఉంచకండి, పిల్లలు చేతికి ఏది తగిలితే అది తీస్తారు. పాకెట్లు కత్తిరించేసి బట్టలారేసుకోండి.