‘గిఫ్టెడ్’ తరగతి: బిరుదా, అవసరమా?

గుంటూరు, కర్నూలు, హైదరాబాదుల నుండి వెళ్లి టెక్సాస్‌లోనో, న్యూజెర్సీలోనో, వర్జీనియాలోనో స్థిరపడిన మా పూర్వ విద్యార్థులు ఇటీవలి సంవత్సరాలలో మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. వారి పిల్లలు అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదువుతున్నారు. ఒకనాడు బడి నుండి ఉత్తరం వస్తుంది. మీ అబ్బాయిని ‘గిఫ్టెడ్’ కార్యక్రమానికి, అంటే విశేష ప్రతిభావంతుల తరగతికి అర్హునిగా గుర్తించాము, మీ సమ్మతి తెలియజేయండి అని అందులో ఉంటుంది. అన్నకు వచ్చిన ఆ ఉత్తరం మరుసటి ఏడు చెల్లెలికి రాదు. తండ్రికి సంతోషం, తల్లికి దిగులు. “మౌలానా సాహెబ్, చేర్పించమంటారా, వద్దంటారా?” అని ఫోను చేస్తారు.

ఈ ప్రశ్నకు అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో బదులు చెప్పడం న్యాయం కాదు. ఎందుకంటే ‘గిఫ్టెడ్’ అనే ఒకే పేరు కింద అమెరికాలో పరస్పరం పోలికలేని ఏర్పాట్లు ఎన్నో ఉన్నాయి. ఇటువంటి తరగతులను తప్పక నడపాలని అక్కడి కేంద్ర ప్రభుత్వం శాసించలేదు. నిర్ణయం రాష్ట్రాలది, స్థానిక విద్యా జిల్లాలది. టెక్సాస్‌లో ప్రతి విద్యా జిల్లా అటువంటి పిల్లలను గుర్తించి, వారికి ప్రత్యేక బోధన కల్పించాలని చట్టం ఉంది. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో మూడవ తరగతి నుండి పూర్తికాలపు ప్రత్యేక తరగతులు నడుస్తాయి. మరికొన్ని చోట్ల వారానికి ఒకటి రెండు గంటలు పిల్లవాడిని తన తరగతి నుండి వేరే గదికి తీసుకెళ్లి, లెక్కల చిక్కుముడులో, చిన్న ప్రయోగాలో చేయించి తిరిగి పంపుతారు. కనుక పేరును బట్టి కాక, ఆ బడిలో జరిగే పనిని బట్టి విచారించాలి.

ఈ ఏర్పాటు ఎలా పుట్టిందో తెలుసుకుంటే మన ఆలోచన కొంత తేటపడుతుంది. 1905లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే రూపొందించిన తెలివితేటల పరీక్ష అసలు ఉద్దేశం చదువులో వెనుకబడి, అదనపు సహాయం అవసరమైన పిల్లలను గుర్తించడం. అదే పరీక్షను అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ టెర్మన్ 1916లో సవరించి, అందరికన్నా ముందున్న వారిని ఏరడానికి వినియోగించాడు. 1921లో ఆయన కాలిఫోర్నియాలో సుమారు 1,500 మంది పిల్లలను ఎంపిక చేసి, వారి జీవితాలను దశాబ్దాల పాటు పరిశీలించే అధ్యయనం ప్రారంభించాడు. ఆ ఎంపికలో చాలినన్ని మార్కులు రాక మిగిలిపోయిన బాలురలో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. పెద్దయ్యాక వారిలో ఒకరికి 1956లో, మరొకరికి 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. పరీక్ష ఆనాటి బాలుడిని కొలవగలదు గాని, రేపటి మనిషిని కొలవలేదనడానికి ఈ ఉదాహరణ చాలు.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించగా, తాము వెనుకబడ్డామన్న కలవరం అమెరికాను ఆవరించింది. 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి, విజ్ఞానశాస్త్రం, గణితం, విదేశీ భాషలలో చురుకైన విద్యార్థులను వెదకడానికి ప్రభుత్వం నిధులు వెచ్చించింది. అంటే ప్రతిభావంతుల అన్వేషణకు ఊతమిచ్చినది పిల్లవాడి అవసరం కన్నా రాజ్యం అవసరమే. తల్లిదండ్రులు మాత్రం పిల్లవాడి అవసరం నుండే ఆలోచన మొదలుపెట్టాలి.

న్యూయార్కు నగరపు అనుభవం మరింత బోధప్రదమైనది. అక్కడ 2008 నుండి నగరమంతటికీ ఒకే పరీక్ష, ఒకే కొలబద్ద పెట్టారు. పరీక్ష రాసేవారి వయస్సు నాలుగేళ్లు! కిండర్‌గార్టెన్‌లో చేరే పిల్లలు దాదాపు 65,000 మంది కాగా, ప్రత్యేక తరగతుల్లో ఉన్న స్థానాలు ఇంచుమించు 2,500. సహజంగానే శిక్షణ కేంద్రాలు వెలిశాయి, అభ్యాస పుస్తకాలు అమ్ముడుపోయాయి, స్తోమత గలవారు పసివారికి ట్యూషన్లు పెట్టించారు. అర్హులు చాలినంత మంది లేరన్న కారణంతో పేదల పేటల్లో ఆ తరగతులే మూతపడ్డాయి. 2021లో ఆ పరీక్ష రద్దయింది. అదే ఏడాది మేయర్ బిల్ డి బ్లాసియో ఈ ఏర్పాటునే దశలవారీగా తొలగిస్తామని ప్రకటించాడు. మరుసటి ఏడాది మేయర్ ఎరిక్ ఆడమ్స్ దానిని నిలబెట్టి, కిండర్‌గార్టెన్‌లో 100, మూడవ తరగతిలో 1,000 స్థానాలు పెంచుతామన్నాడు. 2025 ఎన్నికల ప్రచారంలో జోహ్రాన్ మమ్దానీ కిండర్‌గార్టెన్ స్థాయిలో ఈ ప్రవేశాలు ఉండరాదన్నాడు. మేయర్ మారినప్పుడల్లా మారే ఒక ఎంపికను మన బిడ్డ బుద్ధిపై వెలువడిన తీర్పుగా భావించడం ఎంతవరకు సబబు?

అయితే దీనికి రెండవ పార్శ్వం కూడా ఉంది. ఫ్లోరిడాలోని బ్రౌవర్డ్ కౌంటీలో పూర్వం ఉపాధ్యాయులో, తల్లిదండ్రులో సిఫారసు చేసిన పిల్లలకు మాత్రమే పరీక్ష జరిగేది. 2005 నుండి రెండవ తరగతి పిల్లలందరినీ ప్రాథమికంగా పరీక్షించడం మొదలుపెట్టారు. అంతవరకు ఎవరి కంటా పడని పేద కుటుంబాల పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లలు అధిక సంఖ్యలో అర్హులుగా తేలారు. డేవిడ్ కార్డ్, లారా జియులియానో అనే ఆర్థికవేత్తలు దీనిని అధ్యయనం చేసి వెల్లడించారు. ఇంట్లో తెలుగో, ఉర్దూయో మాట్లాడి, బడిలో మౌనంగా కూర్చునే మన పిల్లల విషయంలో కూడా ఇది వర్తిస్తుంది. పిల్లవాడి నెమ్మదితనం వెనుక ఏమున్నదో ఉపాధ్యాయురాలికి తెలియకపోవచ్చు. అటువంటప్పుడు పరీక్షించమని కోరడం ఆడంబరం కాదు, తల్లిదండ్రుల బాధ్యత.

ఇక ప్రయోజనం మాటేమిటి? క్రిస్టఫర్ రెడింగ్, జేసన్ గ్రిసమ్ అమెరికా అంతటి నుండి సేకరించిన విద్యార్థుల సమాచారాన్ని పరిశీలించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఈ తరగతుల్లో చేరిన ప్రాథమిక విద్యార్థులకు చదవడంలో కలిగిన లాభం స్వల్పం, గణితంలో అంతకన్నా స్వల్పం అని అందులో తేలింది. ఇది సగటు లెక్క. ఏడాది పాఠాలన్నీ ముందే వచ్చిన పిల్లవాడు ప్రతిరోజూ కిటికీలోంచి చూస్తూ కాలం గడుపుతుంటే, వాడికి తగిన బరువు గల పాఠం నిజంగానే కావాలి. శ్రమించే అవసరమే రాని బాల్యం శ్రమించడం నేర్పదు.

మదరసాలో హిఫ్జ్ తరగతి నడిపే మాకు ఈ సమస్య కొత్తది కాదు. ఒక బాలుడు రోజుకు పేజీ సబఖ్ అప్పగిస్తాడు, పక్కనున్నవాడు ఐదు పంక్తులు. ఇద్దరూ ఒకే చాపపై కూర్చుంటారు. పాఠం ఎవరిది వారిదే గనుక ఒకరి వేగం మరొకరికి అడ్డు కాదు. త్వరగా కంఠస్థం చేసేవాడే ఆమోఖ్తా అప్పగించేటప్పుడు తడబడటం, నిదానంగా నడిచినవాడు పాత పాఠాన్ని దోషం లేకుండా వినిపించడం మేము ఎన్నోసార్లు చూశాము. వేగం ఒక గుణం, నిలకడ మరొక గుణం. అయితే పాతిక మందికి ఒకే పాఠాన్ని ఒకే గంటలో చెప్పవలసిన బడిపంతులుకు ఈ వెసులుబాటు ఉండదు. ప్రత్యేక తరగతికి ఉన్న నిజమైన సమర్థన అదే.

కనుక సమ్మతి పత్రంపై సంతకం చేసే ముందు తల్లిదండ్రులు బడికి వెళ్లి కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. వారానికి ఎన్ని గంటల ప్రత్యేక బోధన ఉంటుంది? ఆ సమయంలో పాత తరగతిలో జరిగిన పాఠాలను పిల్లవాడు తిరిగి రాసుకోవాలా? అక్కడ చెప్పేది లోతైన పాఠమా, లేక అదే పాఠానికి మరింత ఇంటిపనా? బోధించేవారు అందుకు శిక్షణ పొందినవారేనా? బడి మారవలసి వస్తే ప్రయాణం ఎంత? ఇమడలేకపోతే అవమానం లేకుండా తిరిగి రావచ్చునా? ఈ ఏడాది ఎంపిక కానివారిని మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారు? గణితంలో మాత్రమే ముందున్న బిడ్డను ఆ ఒక్క గంటకు పై తరగతిలో కూర్చోబెడతారా? ఈ చివరి ఏర్పాటు దొరికితే చాలా మంది పిల్లలకు అదే సరిపోతుంది. వీలైతే ఆ తరగతిలో ఒక పూట కూర్చుని స్వయంగా చూడాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం బడిలో కాదు, ఇంట్లో పొంచి ఉంటుంది. ‘మావాడు గిఫ్టెడ్’ అన్న మాట దావత్‌లలో, ఫోను సంభాషణలలో వినబడేకొద్దీ ఆ పిల్లవాడికి తప్పు చేయడమంటే భయం పుడుతుంది. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదవ తరగతి పిల్లలతో ప్రయోగాలు చేసి 1998లో ఫలితాలు ప్రచురించారు. ‘నీవు తెలివైనవాడివి’ అని మెప్పు పొందిన పిల్లలు కష్టమైన పనికి వెనుకాడారు, ఒకసారి విఫలమైతే కుంగిపోయారు. ‘బాగా కష్టపడ్డావు’ అని మెప్పు పొందినవారు పట్టుదలతో నిలిచారు. ఇక ఉత్తరం రాని చెల్లెలి సంగతి! ఆమె ఎదుట అన్నను పొగిడిన ప్రతి మాటా, ఆమెకు నీవు తక్కువ అని చెప్పినట్లే చేరుతుంది. ప్రతిభ అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని నమ్మేవారు దానిని ఇంట్లో హోదాగా మార్చరాదు. అన్నకు వచ్చిన విద్య చెల్లెలికి చెప్పే సేవగా మారాలి. ఆమెలో ఉన్న ఓర్పునో, చేతిపనినో, మాట పొందికనో కనిపెట్టి ప్రోత్సహించడం తల్లిదండ్రుల వంతు.

మా అభిప్రాయం ఇది. పిల్లవాడు నిజంగా తరగతిని మించి ఉండి, కొత్త పాఠం కోసం తహతహలాడుతుంటే, అక్కడ లభించేది అటువంటి పాఠమేనని రూఢి చేసుకుని నిస్సంకోచంగా చేర్పించండి. నాలుగేళ్ల పసివాడికి పరీక్ష కోసం ట్యూషన్ పెట్టవలసి వస్తే, స్నేహితులను, నిద్రను, ఆటను, ఖుర్ఆన్ పాఠాన్ని బలిపెట్టవలసి వస్తే, వినయంగా వద్దని చెప్పండి. చేర్పించినా, మానినా ఆరు నెలలకొకసారి బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని, ఈ మధ్య కష్టపడి నేర్చుకున్నదేమిటో చెప్పమనండి. చెప్పడానికి ఏమైనా ఉంటే బిడ్డ సరైన చోటనే ఉన్నట్లు. ఏమీ లేకపోతే తరగతి పేరు ఏదైనా సరే, మళ్లీ బడికి వెళ్లి మాట్లాడవలసిన సమయం వచ్చినట్లు.

అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన విద్యను, దానితో పాటు వినయాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.