కొండే పలక... రాయే బలపం!
బడి పిల్లలకు శేషాచలం చెప్పే పాఠాలు

చంద్రగిరి: శేషాచలం నీడన పుట్టి పెరిగిన పిల్లలు వారు. కొండ ముఖం చూడనిదే వారికి తెల్లవారదు. అయినా ‘ఆ కొండ దేనితో అయింది?’ అని పంతులుగారు అడిగితే ‘రాయి సార్’ అన్న జవాబు తప్ప మరో మాట రాలేదు. ఏ రాయి? ఎవరికీ తెలియదు.

అందుకే మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాల పంతులుగారు నాలుగు, అయిదు తరగతుల పిల్లలను అప్పుడప్పుడు వంక ఒడ్డుకు నడిపించుకు వెళుతున్నారు. బస్సు ఖర్చు లేదు. అడవిలోకి అడుగు పెట్టేదీ లేదు. కొండ రాళ్లను వాననీరే వంకలోకి మోసుకొచ్చి పెట్టింది.

పిల్లలు రాళ్లు ఏరి రెండు కుప్పలు పోశారు. ఒక కుప్పలో తెల్లని పలుగు గింజలు, లేత గులాబీ రంగు పలుకులు, తళుక్కుమనే కాకిబంగారం కలిసిన రాళ్లు. అది గ్రానైటు. భూమి లోపల కరిగిన పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టిపడినది. రెండో కుప్పలో చక్కెర పలుకుల్లా ఇసుక రేణువులు అతుక్కున్న రాళ్లు. అది క్వార్ట్‌జైటు. ఒకనాడు నీటి అడుగున పేరుకున్న ఇసుకే ఒత్తిడికి బిగిసి ఇలా రాయి అయింది. తిరుమల కొండల్లో కొన్ని బండల మీద నీటి అలల ముద్రలు నేటికీ ఉన్నాయి. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న శిలాతోరణమూ ఈ రాయే.

అడుగున గ్రానైటు, పైన గోడ కట్టినట్లు క్వార్ట్‌జైటు వరుసలు. రెండూ కలిసే చోటు తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపిస్తుంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది.

కాలం లెక్క చెప్పడానికి పంతులుగారు తాడు పట్టుకున్నారు. మూరకు పది కోట్ల ఏళ్లు. గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, అంటే 25 మూరలు. పై రాయి సుమారు 160 కోట్ల ఏళ్లది, 16 మూరలు. నడుమ కాలపు రాయి ఇక్కడ లేనే లేదు. ‘మరి మనిషో?’ అన్నాడొక బాలుడు. తాడు చివర బియ్యపు గింజంత కూడా లేదని తెలిసి పిల్లలు నోళ్లు తెరిచారు.

‘చదువు మాని రాళ్లు ఏరిస్తారా?’ అని మొదట కొందరు తల్లిదండ్రులు గొణిగారు. వారిలో రాళ్లు కొట్టే పనివాడు ఒకాయనను పంతులుగారు వంక దగ్గరికే పిలిచారు. ‘ఈ నల్లబండకు వరసగా గుంటలు తవ్వి సమ్మెటతో కొడితే గీత గీసినట్టు చీలుతుంది. ఆ పైకొండ రాయి మాత్రం ఉలిని తినేస్తుంది’ అని ఆయన చెప్పుకుపోతుంటే పిల్లలు చెవులు రిక్కించి విన్నారు. అప్పటి నుంచి ఆయన గొణగడం మానేశారు.

ఈ పాఠం పరీక్షకు మాత్రమే కాదు. 2021 నవంబరు భారీ వర్షాల తర్వాత, డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డుపై కొండచరియలు విరిగిపడి రోడ్డు దెబ్బతింది. రాతి నెర్రెల్లో నీరు దిగి, చెట్ల వేర్లు చొరబడి, ఏళ్ల తరబడి బండ వదులవుతుందనీ, పెద్ద వాన దాన్ని తోసేస్తుందనీ పంతులుగారు ఒక నెర్రె చూపి చెప్పారు.

అది విన్న ఒక బాలిక ముఖం చిన్నబోయింది. ‘మా నాయన మేకలు తోలుకుపోతాడు సార్. వానొస్తే అట్లాంటి బండ కిందే నిలబడతాడు’ అంది. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి తండ్రికి చెప్పింది. ‘ఇన్నేళ్లూ నిలబడినా. ఇప్పుడు తలెత్తి చూస్తే పైన నెర్రె కనబడింది’ అన్నాడాయన మా విలేకరితో. ఇప్పుడు వాన వస్తే గోనెసంచి నెత్తిన వేసుకుని, మేకలతో బయటే తడుస్తున్నాడట.

జిల్లాలో కొండో, గుట్టో, వంకో దగ్గర లేని ఊరు అరుదు. పరిసరాల విజ్ఞానం పుస్తకం మూసి, నెలకు ఒక పూట పిల్లలను అక్కడికి నడిపిస్తే ఖర్చు లేని చదువు వస్తుంది. అధికారులు ఈ విషయంపై దృష్టి సారిస్తే మేలు.