పొట్లం మీద మామిడి, లోపల మైదా

కృష్ణగిరి జిల్లా డెంకణికోట తాలూకాలో చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు తమిళం, సంతలో బేరం అవసరాన్నిబట్టి కన్నడం. అంగట్లో వరసగా వేలాడే తినుబండారాల పొట్లాల మీద మాత్రం అసలు సంగతులు ఇంగ్లీషులోనే ఉంటాయి. వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, స్థానిక భాషలో కూడా వెయ్యడం తయారీదారు ఇష్టం అంటాయి నిబంధనలు. కాబట్టి కొనేవాళ్ళు ఎక్కువమంది చదివేది బొమ్మనే. కోసిన మామిడి చెక్క, నిగనిగలాడే స్ట్రాబెర్రీ, నారింజ తొన. పండే కదా, పిల్లలకు మంచిదే అనిపిస్తుంది.

పొట్లం తిప్పి వెనక చూస్తే సంగతి వేరు.

పల్లె అంగళ్ళ దాకా వచ్చింది ఐదు, పది రూపాయల క్రీమ్ వేఫర్: కరకరలాడే పలచని రేకులు, వాటి మధ్య పండు రుచి క్రీమ్. పెద్ద ఊళ్ళ సూపర్ మార్కెట్లలో దొరికేది గళ్ళగళ్ళ మెత్తని వాఫిల్. పొట్లం మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది చట్టం. క్రీమ్ వేఫర్ జాబితాలో మొదటి మూడు స్థానాలూ సాధారణంగా చక్కెర, మైదా, వనస్పతి నూనెలవే. ఆ నూనె చాలావరకు పామాయిలు. తరవాత పిండిపదార్థం, పాలపొడి, సోయా లెసిథిన్, వంటసోడా, ఉప్పు, రంగులు. చిట్టచివర ‘ఫ్లేవర్’. పండు వాసన అక్కణ్ణుంచే వస్తుంది.

ఇది కేవలం తయారీదారు పిసినారితనం అనుకుంటే పొరపాటు. వేఫర్ రేకు తయారయ్యే తీరులోనే పండుకు చోటు లేదు. నీళ్ళలా జారే మైదా పిండిని బాగా కాలిన రెండు ఇనుప పలకల మధ్య పోస్తారు. నీరంతా ఒక్కసారి ఆవిరై, పిండిని పొంగించి పోతుంది. మిగిలేది తేమ దాదాపు లేని గుల్ల రేకు. దానికి చుక్క నీరు తగిలినా మెత్తబడి సాగుతుంది. మామిడి గుజ్జులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే! అందుకే క్రీమును నీరు లేకుండా, నూనెలో చక్కెర పొడి కలిపి చేస్తారు. మెత్తని వాఫిల్‌లో పండు ముక్కలు వెయ్యొచ్చు గానీ, అవి చెడిపోకుండా ఉండాలంటే ముందు చక్కెర పాకంలో నాని తేమ పోగొట్టుకోవాలి. అంటే పండు వచ్చినా చక్కెరను వెంటబెట్టుకునే వస్తుంది. ఇక వేడికి తట్టుకోలేని సి విటమిన్ కాల్చేటప్పుడే చాలావరకు పోతుంది.

ఇక లెక్కలు. బ్రాండును బట్టి కొంచెం అటూ ఇటూ ఉన్నా, వంద గ్రాముల క్రీమ్ వేఫర్‌లో సుమారు 500 కిలోక్యాలరీల శక్తి, 40 గ్రాముల చక్కెర, పాతిక గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వులో సగం దాకా సంతృప్త కొవ్వు. మాంసకృత్తులు నాలుగైదు గ్రాములు, పీచు నామమాత్రం. అరవై గ్రాముల పొట్లం ఒక్కటి ఖాళీ చేస్తే కడుపులోకి పోయే చక్కెర 24 గ్రాములు. లేబుళ్ళ మీది శాతాలకు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టుకున్న కొలమానం పెద్దవాళ్ళకు రోజుకు 50 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు మాత్రం 20 నుంచి 25 గ్రాములు దాటకపోవడం మంచిదన్నాయి. ఏ లెక్క పట్టుకుంటారన్నదాన్నిబట్టి అదే పొట్లం సగం రోజుది కావచ్చు, రోజంతటిదీ కావచ్చు. పైగా లేబుల్ మీద శాతాలు ‘ఒక సర్వింగ్‌’కు ఇచ్చే వీలుంది. సర్వింగ్ అంటే రెండు మూడు రేకులే అయితే అంకెలు అమాయకంగా కనిపిస్తాయి. రెండు రేకులు తిని పొట్లం మడిచిపెట్టే పిల్లలు ఎక్కడుంటారో మరి!

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తెలిసిన వాఫిల్ ఇంకో రకం: గడ్డకట్టించి అమ్మేది, టోస్టర్‌లో వేడిచేసి బడికి వెళ్ళే ముందు పిల్లలకు పెట్టేది. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ డోర్సా 1953లో అమ్మకం మొదలుపెట్టిన ఎగ్గో వాటిలో పేరుమోసింది. వీటిలో చక్కెర మన వేఫర్ కంటే చాలా తక్కువ. కానీ ఉప్పు, పొంగించే సోడాల వల్ల సోడియం ఎక్కువ. మామూలు సైజువి రెండు తింటే 400 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. రోజు పరిమితి 2000లో అది ఐదోవంతు. పైన పోసే సిరప్‌తో చక్కెర కొరత కూడా తీరిపోతుంది.

పండు ఎంత ఉందో కనిపెట్టడానికి ఒక మార్గం ఉంది. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం, పేరులోనో బొమ్మలోనో ఒక పదార్థాన్ని గొప్పగా చూపిస్తే అది ఎంత శాతం ఉందో వెనక చెప్పాలి. అయితే దాన్ని రుచికోసం మాత్రమే వాడితే చెప్పనక్కర్లేదు. ఈ మినహాయింపులోంచే చాలా పొట్లాలు తప్పించుకుపోతాయి. పండు శాతం ఎక్కడా లేకుండా ఫ్లేవర్ కలిపామన్న మాట మాత్రమే ఉంటే, అందులో పండును వెదకడం దండగ. పదిశాతమో అంతకన్నా తక్కువో పండు ఉన్నా ‘పండ్ల గుజ్జుతో చేసింది’ అని రాసుకునే వీలుందని పోషకాహార సంస్థ తన మార్గదర్శకాల్లోనే హెచ్చరించింది.

ఈ వ్యవహారం కృష్ణగిరి జిల్లాలో మరీ విడ్డూరంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇది మామిడి సీమ. ఇక్కడి తోతాపురి, అంటే బెంగళూరా కాయ, గుజ్జు ఫ్యాక్టరీలకు లారీల్లో వెళ్ళి, డబ్బాల్లోనూ పీపాల్లోనూ విదేశాలకు ఎగుమతవుతుంది. శీతల పానీయాల్లోకీ పోతుంది. ఆ పండ్ల పానీయాల్లో కూడా చట్టం అడిగే పండ్ల రసం కనీసం పది శాతమే. పక్కనున్న చిత్తూరు జిల్లాలో 2025 వేసవిలో ధర పడిపోయి రైతులు గగ్గోలు పెడితే, తోతాపురికి కిలో 12 రూపాయలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. అందులో 8 ఫ్యాక్టరీలవి, 4 ప్రభుత్వానివి. అదే కాయ బొమ్మ వేసుకున్న పది రూపాయల పొట్లాలు రెండు కొంటే ఆ కిలో కాయల ధర సులువుగా దాటిపోతుంది.

పోషకాల మాటకొస్తే డెంకణికోట, తళి చేలల్లో పండే రాగులను కూడా ఈ లెక్కల పక్కన పెట్టి చూడాలి. పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, మైదాలో ఇరవై. పీచు రాగుల్లో 11 గ్రాములు, మైదాలో మూడుకు లోపే. న్యాయంగా చెప్పాలంటే మాంసకృత్తుల్లో మైదాదే కాస్త పైచేయి, పదికి ఏడు. కానీ సంగటి ముద్దను ఎవరూ వట్టిగా తినరు కదా. అనపగింజల పులుసో ఉలవచారో ఆ లోటు పూడుస్తుంది. వేఫర్‌లోనేమో మైదా తెచ్చిన ఆ కాస్తనూ చక్కెర, నూనె పలచన చేసేస్తాయి.

కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి ఆవరణలోనూ గేటుకు 50 మీటర్ల లోపూ అమ్మకూడదని మరో నిబంధన ఉంది. 2024 జులైలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇంకో ప్రతిపాదనకు ఆమోదం తెలిపింది: చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు అంకెలను లేబుల్ మీద పెద్దగా, ముద్దక్షరాల్లో వెయ్యాలని. ఈలోగా అంగళ్ళలోకి రాగి బిస్కెట్లు, రాగి వేఫర్లు దిగుతున్నాయి. వాటికీ వర్తించేది అదే సూత్రం: ముందువైపు రాగి కంకి బొమ్మ ఉంటే, వెనక రాగి పిండి ఎంత శాతమో ఉండాలి, జాబితాలో అది మైదాకు ముందుందా, తరవాతుందా అన్నది అక్కడే తేలిపోతుంది.