లక్షలమంది ఒకే తలుపు తట్టినప్పుడు

2021 ఏప్రిల్ 28, సాయంత్రం నాలుగు గంటలు. పద్ధెనిమిదేళ్ళు నిండిన వారికి కోవిడ్ టీకా కోసం పేర్ల నమోదు అప్పుడే మొదలైంది. దేశం నలుమూలల నుంచి జనం ప్రభుత్వ వెబ్‌సైటు కోవిన్ తలుపు ఒక్కుమ్మడిగా తట్టారు. కొద్దిసేపు అది తెరుచుకోలేదు. తరువాత కుదుటపడి, రాత్రయ్యేసరికి కోటిమందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు.

ఇటువంటి రద్దీలో, వచ్చినవారిని వచ్చినట్లే ఒక్కొక్క కంప్యూటరు వద్దకు పంపే ఏర్పాటును లోడ్ బ్యాలెన్సర్ అంటారు. ‘భారాన్ని సమంగా పంచేది’ అని తెనిగించవచ్చు గాని, ఆ అనువాదం అసలు సంగతిని వదిలివేస్తుంది. ఎవరికి పంచరాదో తెలుసుకోవడమే దాని ముఖ్యమైన విద్య.

కంప్యూటర్లను అద్దెకిచ్చే క్లౌడ్ సంస్థలన్నీ నేడు ఈ సేవను అందిస్తున్నాయి. అమెజాన్ దీనిని 2009లో ప్రారంభించింది. అక్కడ సాధారణంగా రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తుంది. 2016లో వచ్చిన అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ఉత్తరం విప్పి చదివే గుమాస్తా వంటిది. చెల్లింపులను ఒకచోటికి, బొమ్మలను మరొకచోటికి పంపగలదు. 2017 నాటి నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ కవరు మీది చిరునామా మాత్రమే చూసే తపాలా బంట్రోతు. లోపలి విషయం దానికి పట్టదు, అందుకే వేగం ఎక్కువ. మామూలు వెబ్‌సైటుకు గుమాస్తాయే తగినవాడు. మారని ఐపి చిరునామా కావలసినప్పుడు, లేదా వెబ్ భాష మాట్లాడని కార్యక్రమాలకు, బంట్రోతును పిలవాలి.

ఎంపిక ఇంతే. చిక్కంతా అమర్చడంలో ఉంది.

ఈ గుమాస్తా ప్రతి సర్వరునూ ‘కులాసాయేనా?’ అని అడుగుతూ ఉంటాడు. మనం వేరే చెప్పకపోతే 30 సెకన్లకొకసారి అడిగి, వరుసగా 2 సార్లు సరైన జవాబు రాకపోతే ఆ సర్వరును పక్కన పెడతాడు. ఈలోగా దాదాపు ఒక నిమిషంపాటు దాని వాకిట నిలిచినవారి గతి ఏమిటి? కనుక రద్దీ వేళ ఆ వ్యవధిని తగ్గించుకోవాలి.

ఏమి అడగాలన్నది మరీ సున్నితమైన ప్రశ్న. ‘బ్రతికి ఉన్నావా?’ అని మాత్రమే అడిగితే, పనిచేయలేని సర్వరు కూడా ఉన్నానంటుంది. డేటాబేసును కూడా తడిమి చెప్పమంటే, అది కాస్త నెమ్మదించగానే ఆరోగ్యంగా ఉన్న సర్వర్లన్నీ ఏకకంఠంతో జబ్బుపడ్డామంటాయి! సర్వరు తన పని తాను చేయగలదా అన్నంతవరకే అడగడం మేలు. డేటాబేసు నాడిని వేరుగా చూసుకోవచ్చు.

ఇవన్నీ కాగితం మీద చూసి తృప్తిపడరాదు. ప్రారంభోత్సవానికి వారం ముందే ఒక సర్వరును కావాలని ఆపి, ఎంతమందికి తలుపు మూసుకుపోయిందో లెక్కపెట్టాలి.