పాఠము అర్థమైనదను భావము

ఆర్కిమెడీస్ సూత్రమును బోధకుడు నల్లబల్లపై చక్కగా నిరూపించును. విద్యార్థులందరును తల లూపుదురు. అప్పుడొక ప్రశ్న వేసి చూడవలెను. నీటితొట్టిలో చిన్న పడవ తేలుచున్నది. అందులో ఒక రాయి కలదు. ఆ రాయిని తీసి తొట్టినీటిలో వేసినచో నీటిమట్టము పెరుగునా, తగ్గునా? పెరుగునని పలువురు చెప్పుదురు. నిజమునకు తగ్గును. పడవలో నున్నంతసేపు రాయి తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగించుచుండెను. మునిగిన పిమ్మట తన ఘనపరిమాణమునకు సమానమైన నీటినే తొలగించును. రాయి నీటికంటె సాంద్రమైనది గదా!

అర్థమైనదను భావమునకు, నిజముగా అర్థమగుటకు గల ఈ దూరమును కొలుచుటకు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర తరగతులలో ఒక ప్రయోగము జరిగినది. లూయీ డెలోరియే, ఆయన సహచరులు ఫలితములను 2019లో ప్రకటించిరి. విద్యార్థులను యాదృచ్ఛికముగా రెండు జట్లు చేసిరి. ఒక జట్టు అనుభవజ్ఞుడైన బోధకుని ఉపన్యాసము వినెను. రెండవ జట్టువారు అవే సమస్యలను చిన్న గుంపులుగా కూర్చుండి ముందు తామే సాధింప యత్నించిరి. ఆ తరువాతనే బోధకుడు సమాధానము వివరించెను. ఇరు జట్లకు ఇచ్చిన కాగితములు ఒక్కటే. మొదటి పాఠము వస్తువుల సమతాస్థితి. రెండవది ద్రవములను గూర్చినది. రెండవ పాఠమునకు జట్లు పద్ధతులను మార్చుకొన్నవి. కావున తెలివైనవారందరు ఒకవైపే చేరిరను ఆక్షేపణకు తావు లేదు.

పాఠము ముగియగానే అభిప్రాయము అడిగి, వెంటనే పరీక్ష పెట్టిరి. స్వయముగా పనిచేసినవారికే ఎక్కువ మార్కులు వచ్చినవి. కాని ఎక్కువ నేర్చుకొంటిమని చెప్పినవారు ఉపన్యాసము విన్నవారు!

ధారాళమైన ఉపన్యాసములో చిక్కులన్నియు బోధకుడే విప్పును. వినువానికి శ్రమ తెలియదు. ఆ సుఖమునే జ్ఞానమని భ్రమించును. సమస్యతో తానే పెనుగులాడువాడు తన తడబాటును చూచుకొని, ఏమియు రాలేదని దిగులుపడును.

ఇది మన కళాశాలలకును సంబంధించిన విషయమే. కళాశాలలను మదింపు చేయు ‘న్యాక్’ సంస్థ 2017లో సవరించిన విధానమున విద్యార్థుల సంతృప్తిని ప్రశ్నావళి ద్వారా తెలిసికొను ఏర్పాటు చేసినది. గ్రంథాలయము, ప్రయోగశాల, బోధకుడు వేళకు వచ్చుట - వీనిని గూర్చి విద్యార్థికంటె బాగుగ చెప్పగలవారెవరు? ఎంత నేర్చెనో మాత్రము అతనినే అడిగి తేల్చుట, నుదుటిపై చేయి వేసి జ్వరమెన్ని డిగ్రీలో చెప్పుట వంటిది. అంతేకాదు, మంచి అభిప్రాయము కోరి బోధకుడు పడవప్రశ్న వంటివి మానుకొను ప్రమాదమున్నది.

హార్వర్డు పరిశోధకులు దీనికొక ఉపాయమును పరీక్షించిరి. కోర్సు తొలిదినములలోనే ఈ ఫలితములను విద్యార్థులకు చూపి, శ్రమ కలిగిన మాత్రమున నేర్వలేదని అనుకొనవద్దని వివరించిరి. కోర్సు ముగియు వేళకు వారిలో చాలమందికి ఆ పద్ధతిపై నమ్మకము పెరిగినది.